హార్డ్ డిస్క్ కనిపించట్లేదా? 'ఫార్మాట్' నొక్కితే అంతే సంగతులు.. లినక్స్‌లో డ్రైవర్, మౌంట్ అంటే ఏంటంటే!

పాత కంప్యూటర్‌లో లినక్స్ వేశారు. బిల్లులు, ఫొటోలు ఉన్న డిస్క్ తగిలించారు. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. డిస్క్ పోయిందేమోనని పక్క షాపులో ఉన్న విండోస్ సిస్టమ్‌కు పెట్టి చూస్తే 'ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అని ఓ బాక్స్ వచ్చింది. కంగారులో 'ఓకే' నొక్కేశారు. ఏళ్ల లెక్కలు ఆ ఒక్క నొక్కుడుతో గల్లంతు!

చాలాసార్లు ఆ డిస్క్‌కు నిజానికి ఏమీ అయి ఉండదు. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేదు, లేదంటే గుర్తుపట్టినా తెరవలేదు. అంతే. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలిస్తే డేటా దక్కుతుంది. తెలియకపోతే చేజేతులా పోగొట్టుకున్నట్టే.

ఇప్పుడే ఎందుకీ గొడవ?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. పాత మెషీన్లలో చాలావాటికి ఆ అర్హత లేదు. మదనపల్లెలో టమాటా మండీ లెక్కలు రాసే కంప్యూటర్ కావచ్చు, పుంగనూరులో ఫొటో స్టూడియో సిస్టమ్ కావచ్చు, కుప్పంలో జిరాక్స్ షాపులోని డబ్బా కావచ్చు.. బాగా పనిచేస్తున్న యంత్రాన్ని పారేయలేక లినక్స్ వైపు చూసేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. కొత్త సిస్టమ్, పాత డిస్క్. రెండింటికీ పొత్తు కుదరాలి.

కుప్పానికి కంప్యూటర్ ప్రయోగాలు కొత్తేం కాదు. 2002లోనే హెచ్‌పీ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్కడ 'ఐ-కమ్యూనిటీ' ప్రాజెక్టు మొదలుపెట్టింది. స్వయం సహాయక సంఘాల మహిళల చేతికి డిజిటల్ కెమెరాలు, సోలార్‌తో నడిచే ప్రింటర్లు ఇచ్చి ఊరూరా ఫొటోలు తీయించింది. అప్పట్లో ఫొటో తీయడమే వింత. ఇప్పుడు అసలు సమస్య తీసిన ఫొటోను ఇరవై ఏళ్లు కాపాడుకోవడం.

ఇక మదనపల్లె సంగతి రాష్ట్రమంతా చూసిందే. 2024 జూలై 21 ఆదివారం రాత్రి సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. డీజీపీ స్వయంగా వచ్చి చూశారు. తర్వాత కేసు సీఐడీకి వెళ్లింది. కాగితం ఒక్క చోటే ఉంటే ఏమవుతుందో ఆ రాత్రి అందరికీ తెలిసొచ్చింది. అయితే డిజిటల్ కాపీ ఉందంటే సరిపోదు. దాన్ని అవసరమైన రోజు తెరవగలగాలి కూడా.

టమాటా మార్కెట్ లెక్కలో చెప్పాలంటే..

మదనపల్లె మార్కెట్ యార్డుకు లోడుతో లారీ వచ్చిందనుకుందాం. గేటు దగ్గర ఆ బండిని గుర్తుపట్టి లోపలికి పంపే మనిషి కావాలి. కంప్యూటర్‌లో ఆ పని చేసేదే డ్రైవర్. డిస్క్‌తో మాట్లాడే భాష దానికి తెలుసు. డ్రైవర్ లేకపోతే లారీ గేటు బయటే ఆగిపోతుంది. అంటే డిస్క్ పేరు కూడా లిస్టులో రాదు.

లారీ లోపలికి వచ్చింది. ఏ రైతు సరుకు ఎన్ని క్రేట్లు, ఏది ఎక్కడుందో చెప్పే చిట్టా ఒకటి ఉంటుంది. అదే ఫైల్ సిస్టమ్. ఒక్కో మండీ ఒక్కో పద్ధతిలో చిట్టా రాసినట్టే ఫైల్ సిస్టమ్‌లూ రకరకాలు. విండోస్ వాడేది ఎన్టీఎఫ్ఎస్. లినక్స్‌లో ఎక్కువగా వాడేది ఈఎక్స్‌టీ4. పెన్‌డ్రైవ్‌లలో ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ కనిపిస్తాయి.

ఇక ఆ లోడును ఫలానా మండీ ముందు దించితేనే వేలం మొదలవుతుంది. డిస్క్‌ను ఫలానా ఫోల్డర్ దగ్గర తెరిచి చూపించడమే మౌంట్. విండోస్‌లో సి, డి, ఇ అని అక్షరాలు వస్తాయి. లినక్స్‌లో ఆ అక్షరాలుండవు. అన్నీ ఒకే చెట్టు కొమ్మల్లా ఉంటాయి. కొత్త డిస్క్ వచ్చి ఏదో ఒక ఫోల్డర్‌కు అతుక్కుంటుంది. ఆ ఫోల్డర్ పేరే మౌంట్ పాయింట్.

అంటే డిస్క్ కనిపించకపోతే మూడు చోట్ల వెతకాలి. గేటు, చిట్టా, మండీ. ఈ వరుసలోనే చూడాలి.

మొదటి పని: గేటు దాటిందా?

లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఎల్-ఎస్-బి-ఎల్-కె అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. సిస్టమ్‌కు తెలిసిన డిస్కులన్నీ సైజుతో సహా వస్తాయి. సాటా డిస్కులు, యూఎస్‌బీ డిస్కులు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లతో ఉంటాయి. కొత్త ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలు అదే పేరుతో మొదలవుతాయి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేరు చివర 1, 2 అని అంకె ఉంటే అది డిస్క్‌లోని ఓ భాగం, అంటే పార్టిషన్.

మీ డిస్క్ సైజు ఆ లిస్టులో ఉందా? ఉంటే డ్రైవర్ బాగానే ఉంది, తర్వాతి పనికి వెళ్లండి. లేదంటే సమస్య గేటు దగ్గరే. అప్పుడు డిస్క్ తీసి మళ్లీ పెట్టి డి-ఎం-ఇ-ఎస్-జి కమాండ్ నడపాలి. చాలా సిస్టమ్‌లలో దీని ముందు సుడో అని చేర్చాలి. కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, ఇప్పుడేం చూసిందో చివరి లైన్లలో రాస్తుంది. అసలు ఒక్క లైన్ కూడా కొత్తగా రాలేదంటే కేబుల్ లేదా పోర్ట్ అనుమానించాలి. వచ్చి వెంటనే డిస్‌కనెక్ట్ అయిందని రాస్తే చాలాసార్లు కరెంటు చాలకపోవడమే కారణం. పాత డెస్క్‌టాప్ ముందు భాగంలోని పోర్ట్ వదిలేసి వెనక పోర్ట్‌కు పెట్టి చూడండి. రిపేరు తెలిసినవాళ్లు ముందు కేబులే మారుస్తారు.

లినక్స్‌లో సాటా, ఎన్‌వీఎంఈ, యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్లు కెర్నల్‌తో పాటే వస్తాయి. సీడీ పెట్టి వేసుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు. అయినా రెండు చోట్ల తంటా వస్తుంది.

ఒకటి.. ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో స్టోరేజ్ సెట్టింగ్ 'రెయిడ్' లేదా 'ఆర్ఎస్‌టీ' అని ఉంటే లినక్స్ ఇన్‌స్టాలర్‌కు లోపలి డిస్క్ కనపడకపోవచ్చు. దాన్ని 'ఏహెచ్‌సీఐ' అని మారిస్తే కనిపిస్తుంది. కానీ జాగ్రత్త! విండోస్ కూడా ఉంచుకోవాలనుకుంటే నేరుగా మార్చకూడదు. మారిస్తే విండోస్ ఓపెన్ కాదు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా సెట్ చేయాలి. ఆ తర్వాత బయోస్‌లో మార్చాలి. ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరుచుకున్నాక మామూలు మోడ్‌కు తిప్పాలి. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో చెయ్యి పెట్టగానే అది కీ అడగొచ్చు. కీ లేకపోతే విండోస్ అయినా లినక్స్ అయినా ఆ డేటా తెరవలేదు.

రెండు.. లోపలి హార్డ్ డిస్క్‌ను బయటికి తీసి యూఎస్‌బీ కేసులో పెట్టి వాడేవాళ్లకు వచ్చే సమస్య. లినక్స్ ఇలాంటి వాటికి వీలైతే 'యూఏఎస్' అనే వేగమైన డ్రైవర్ వాడుతుంది. కొన్ని చౌక కేసులు ఆ వేగాన్ని తట్టుకోలేక కాపీ మధ్యలో ఆగిపోతాయి. ఆ ఒక్క కేసుకు మాత్రం పాత 'యూఎస్‌బీ-స్టోరేజ్' డ్రైవర్ వాడమని కెర్నల్‌కు చెప్పే 'క్విర్క్స్' అనే సెట్టింగ్ ఉంది. వేగం తగ్గుతుంది గానీ కాపీ పూర్తవుతుంది.

రెండో పని: చిట్టా ఏ రకం?

ఎల్-ఎస్-బి-ఎల్-కె తర్వాత ఓ ఖాళీ వదిలి, చిన్న గీత, ఎఫ్ చేర్చి కొట్టండి. ప్రతి పార్టిషన్ పక్కన ఫైల్ సిస్టమ్ పేరు వస్తుంది. ఇక్కడే చాలామంది పొరపడే విషయం ఒకటుంది. విండోస్ చిట్టాను లినక్స్ చదవగలదు. లినక్స్ చిట్టాను మాత్రం విండోస్ మామూలుగా చదవలేదు. చదవలేని డిస్క్ కనిపిస్తే విండోస్ 'ఇది నాకు తెలియని పద్ధతి' అని చెప్పదు. ఫార్మాట్ చేయమంటుంది. మన మొదటి కథలో జరిగింది అదే. ఖాళీ పార్టిషన్ అనుకుని ఓకే అంటే చిట్టా పోతుంది. క్విక్ ఫార్మాట్‌తో సరుకు మొత్తం అప్పటికప్పుడు చెరిగిపోకపోవచ్చు. కానీ ఎక్కడేముందో చెప్పే లెక్క పోయాక వెతికి తీయడం ఖర్చుతో కూడిన పని. ఎస్ఎస్‌డీ అయితే ఆ ఆశ కూడా చాలా తక్కువ.

సీసీ కెమెరాల డీవీఆర్‌కూ ఇదే మాట. చాలా డీవీఆర్‌ల లోపల నడిచేది లినక్సే. వాటిలోని డిస్క్‌ను తీసి విండోస్‌కు పెడితే 'ఇనిషియలైజ్' చేయమనో, 'ఫార్మాట్' చేయమనో అడుగుతుంది. కొన్ని కంపెనీలు సొంత పద్ధతిలో రాస్తాయి కాబట్టి లినక్స్‌లో కూడా నేరుగా తెరుచుకోకపోవచ్చు. షాపులో దొంగతనం జరిగి ఫుటేజ్ కావాలంటే డీవీఆర్ మెనూ నుంచే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడం మేలు. డిస్క్ విప్పొద్దు.

విండోస్ ఎన్టీఎఫ్ఎస్ డిస్క్ లినక్స్‌లో తెరుచుకుంటుంది గానీ కొత్త ఫైల్ రాయనివ్వట్లేదా? విండోస్‌లోని 'ఫాస్ట్ స్టార్టప్' దీనికి కారణం కావచ్చు. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా నిద్ర లేచి వెళ్లిపోదు. సగం పుస్తకం తెరిచి పెట్టినట్టు డిస్క్‌ను వదిలేస్తుంది. ఆ స్థితిలో రాస్తే లెక్కలు చెడతాయని లినక్స్ చదవడానికే ఒప్పుకుంటుంది. బలవంతం చేయొద్దు. విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి. 2021లో వచ్చిన 5.15 కెర్నల్ నుంచి ఎన్టీఎఫ్ఎస్3 అనే డ్రైవర్ లినక్స్‌లోనే ఉంది. అంతకు ముందు నుంచీ ఎన్టీఎఫ్ఎస్-3జీ అనే ప్రోగ్రామ్ ఈ పని చేస్తోంది.

పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు ఒక మాట. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీకి మించిన ఒక్క ఫైల్ ఎక్కదు. చోటు ఉన్నా ఎర్రర్ వస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు. విండోస్, లినక్స్ రెండూ చదువుతాయి.

మూడో పని: మండీ ముందు దించాలి

డెస్క్‌టాప్ ఉన్న లినక్స్‌లో ఫైల్ మేనేజర్‌లో డిస్క్ పేరు మీద నొక్కితే చాలు, మౌంట్ అయిపోతుంది. చేత్తో చేయాలంటే ముందు ఒక ఖాళీ ఫోల్డర్ తయారు చేయాలి. తర్వాత సుడో మౌంట్ అని, పార్టిషన్ పేరు, ఫోల్డర్ దారి వరుసగా ఇవ్వాలి. విలువైన డేటా ఉన్న డిస్క్ అయితే మొదటిసారి 'రీడ్ ఓన్లీ' పద్ధతిలోనే తెరవండి. మౌంట్ తర్వాత చిన్న గీత, ఓ, ఖాళీ, ఆర్-ఓ అని చేర్చితే అలా తెరుచుకుంటుంది. అప్పుడు పొరపాటున కూడా ఫైల్ డిలీట్ కాదు.

అయితే కోర్టుకు ఆధారంగా వెళ్లాల్సిన డిస్క్‌కు ఇది చాలదు. ఈఎక్స్‌టీ4 డిస్క్‌ను రీడ్ ఓన్లీగా తెరిచినా లోపల సగంలో ఆగిన పనుల పట్టీని, అంటే జర్నల్‌ను, అది సరిచేసుకునే ప్రయత్నం చేస్తుంది. డిస్క్ మీద ఓ చిన్న మార్పు పడినట్టే. అందుకే ఫోరెన్సిక్ నిపుణులు 'రైట్ బ్లాకర్' అనే పరికరం మధ్యలో పెట్టి, ముందు డిస్క్‌కు నకలు తీసి, ఆ నకలునే తెరుస్తారు.

తీసేటప్పుడు తొందర పడితే..

లారీ లెక్క రాయకముందే బండి కదిలితే ఏమవుతుంది? కాపీ అయిపోయిందని స్క్రీన్ చెప్పినా కొంత డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. లినక్స్ వీలు చూసుకుని డిస్క్‌కు రాస్తుంది. అందుకే 'ఎజెక్ట్' నొక్కి, తీసుకోవచ్చని చెప్పాకే పెన్‌డ్రైవ్ లాగాలి. టెర్మినల్‌లో అయితే యూ-మౌంట్ కమాండ్. ఇక్కడ అందరూ చేసే తప్పు 'అన్‌మౌంట్' అని టైప్ చేయడం. యు తర్వాత ఎన్ అక్షరం ఉండదు! 'బిజీ' అని వస్తే ఆ డిస్క్‌లోని ఫైల్ ఏదో తెరిచి ఉందని అర్థం. దాన్ని మూసేసి మళ్లీ కొట్టండి.

కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. జర్నల్ ఉండటం వల్ల ఈఎక్స్‌టీ4 చిట్టా సాధారణంగా నిలబడుతుంది. ఆ క్షణంలో రాస్తున్న బిల్లు మాత్రం దక్కుతుందని గ్యారంటీ లేదు. చిన్న యూపీఎస్ ఖర్చు దీని ముందు ఎంతో కాదు.

రోజూ తనంతట తానే మౌంట్ కావాలా?

షాపు తెరవగానే లెక్కల డిస్క్ సిద్ధంగా ఉండాలంటే ఎఫ్-ఎస్-ట్యాబ్ అనే ఫైల్‌లో ఒక లైన్ రాయాలి. ఆ లైన్‌లో ఆరు గడులు. డిస్క్ గుర్తింపు, ఫోల్డర్, ఫైల్ సిస్టమ్ రకం, ఆప్షన్లు, చివర రెండు అంకెలు. ఇక్కడ మూడు జాగ్రత్తలు తప్పనిసరి.

మొదటిది, డిస్క్‌ను ఎస్‌డీబీ1 అనే పేరుతో రాయొద్దు. ఈ రోజు బి అయిన డిస్క్, ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టి ఉంటే రేపు సి కావచ్చు. ప్రతి ఫైల్ సిస్టమ్‌కు యూయూఐడీ అనే పొడవాటి నంబర్ ఉంటుంది. ఆధార్ లాగా ఒకదానిది ఇంకోదానికి ఉండదు. అదే రాయాలి.

రెండోది, బయటి డిస్క్ అయితే ఆప్షన్లలో 'నోఫెయిల్' అని చేర్చాలి. లేదంటే ఆ డిస్క్ పెట్టని రోజు సిస్టమ్ దాని కోసం ఎదురు చూసి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. ఉదయాన్నే నల్ల స్క్రీన్ చూసి సిస్టమ్ పాడైందనుకునేవాళ్లు ఎక్కువ. పాడైంది డిస్కూ కాదు, సిస్టమూ కాదు. ఆ ఒక్క లైనే.

మూడోది, ఫైల్ మార్చాక రీస్టార్ట్ చేయకముందే సుడో మౌంట్ తర్వాత చిన్న గీత, ఏ కొట్టి పరీక్షించాలి. తప్పు ఉంటే అక్కడే చెబుతుంది. పాత ఫైల్‌కు నకలు ఉంచుకుంటే ఇంకా నయం.

బ్యాకప్ ఉందనుకుంటే.. లేదు!

చాలామందికి ఆలస్యంగా తెలిసే ప్రమాదం ఇది. బయటి డిస్క్ మౌంట్ కాని రోజు కూడా దాని ఫోల్డర్ అక్కడే ఉంటుంది, ఖాళీగా. రాత్రి బ్యాకప్ ప్రోగ్రామ్ ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే కాపీలు పోసేస్తుంది. అంటే అసలు, నకలు రెండూ ఒకే డిస్క్‌లో! ఆ డిస్క్ పోతే రెండూ పోతాయి. మళ్లీ బయటి డిస్క్ మౌంట్ చేస్తే కింద ఉన్న ఆ కాపీలు కంటికి కనపడవు. కానీ చోటు మాత్రం తింటూనే ఉంటాయి. అందుకే బ్యాకప్ మొదలయ్యే ముందు డిస్క్ నిజంగా మౌంట్ అయిందో లేదో 'మౌంట్‌పాయింట్' కమాండ్‌తో చూసి, లేకపోతే ఆగిపోయేలా పెట్టాలి.

కొత్తగా ఈఎక్స్‌టీ4 చేసిన డిస్క్‌లో 'పర్మిషన్ డినైడ్' వస్తే భయపడొద్దు. డిస్క్ యజమానిగా రూట్ పేరు ఉంటుంది. సి-హెచ్-ఓ-డబ్ల్యూ-ఎన్ కమాండ్‌తో ఆ ఫోల్డర్‌ను మీ పేరుకు మార్చుకుంటే చాలు. యూట్యూబ్‌లో చెప్పినట్టు అందరికీ 777 అనుమతులు ఇచ్చేస్తే షాపు తాళం గడపలో పెట్టినట్టే.

డిస్క్ టక్ టక్ మంటుంటే?

ఇది మాత్రం వేరే కథ. శబ్దం వస్తున్నా, డి-ఎం-ఇ-ఎస్-జిలో 'ఐ/ఓ ఎర్రర్' వరుసగా వస్తున్నా రిపేర్ కమాండ్లు నడపొద్దు. ఎఫ్-ఎస్-సి-కె అయినా, విండోస్‌లోని చెక్ డిస్క్ అయినా చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను ఇంకా శ్రమ పెడతాయి. ముందు 'డీడీ రెస్క్యూ' అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌ను మరో పెద్ద డిస్క్‌లోకి నకలు తీయాలి. అది బాగున్న భాగాలను ముందు తీసుకుని, చెడ్డ భాగాలను చివర్లో ప్రయత్నిస్తుంది. రిపేర్లు ఏమైనా ఆ నకలు మీదే. శబ్దం పెరుగుతుంటే పవర్ తీసేసి డేటా రికవరీ నిపుణుల దగ్గరకు వెళ్లడమే దారి.

ఇవి గుర్తుంచుకోండి

* ఫార్మాట్ అని ఎవరు అడిగినా ముందు 'క్యాన్సిల్'. తర్వాతే ఆలోచన.
* ముందు గేటు, తర్వాత చిట్టా, చివర మండీ. డ్రైవర్, ఫైల్ సిస్టమ్, మౌంట్. ఈ వరుస తప్పొద్దు.
* విలువైన డిస్క్ మొదట రీడ్ ఓన్లీలోనే తెరవండి.
* ఎఫ్-ఎస్-ట్యాబ్‌లో యూయూఐడీ, నోఫెయిల్, ఆ తర్వాత పరీక్ష.
* లినక్స్ వేసే ముందు డేటా ఇంకో డిస్క్‌లో ఉందని ఫైల్ తెరిచి మరీ చూసుకోండి.
* నకలు కనీసం ఒకటి వేరే చోట ఉండాలి. షాపులో ఒకటి, ఇంట్లో ఒకటి.

లినక్స్‌కు డబ్బు కట్టక్కర్లేదు. హార్డ్ డిస్క్ కూడా బజారులో దొరుకుతుంది. మండీలో రైతుల బాకీల లెక్క, నాన్న చివరి ఫొటో, పొలం పాస్‌బుక్ స్కాన్.. ఇవి మాత్రం ఏ షాపులోనూ దొరకవు. కాబట్టి డిస్క్ కనిపించనప్పుడు చేయాల్సిన మొదటి పని ఒక్కటే. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేయడం!